ఏడో నంబరు

ఈ విషయంలో నాకు సిగ్గు రెండుసార్లు కలిగింది. మొదటిసారి కలగకూడని చోట కలిగింది. రెండోసారి కలగాల్సిన వేళకు కలగక, అంతా అయిపోయాక తీరిగ్గా వచ్చి కూర్చుంది. ఇంకా లేవలేదు.

మొదటిది చిన్నది, దాన్ని ముందే చెప్పేస్తాను. ఫిజియోథెరపీలో పీజీకి నాకు నాందేడ్‌లోనే సీటు వచ్చింది. మొదటి రోజు క్లాసులో ఒక్కొక్కరినీ లేపి ఊరు, ఇంట్లో వాళ్ళు చేసే పని చెప్పమన్నారు. ఒకరి తండ్రి డాక్టరు. ఒకరి తల్లి జిల్లా పరిషత్ బడిలో టీచరు. నా వంతు వచ్చేసరికి లేచి, మరాఠీలో, మా నాన్న మోంఢాలో ఉంటారని చెప్పాను. మోంఢా అంటే మా ఊరి ధాన్యం మార్కెట్టు. సోయా, పసుపు, కంది, శనగ అన్నీ దిగేది అక్కడే. మోంఢాలో ఉంటారంటే వినేవాళ్ళు ఏదో దుకాణం ఉందనుకుంటారు. అనుకోనిచ్చాను. మా బాపు మోంఢాలో ఉన్న మాట అబద్ధం కాదు. బస్తా కింద ఉంటాడు.

బాపు హమాలీ. పన్నెండు మంది టోళికి ముకాదం, అంటే పెద్ద. ఆ పన్నెండు మందీ తెలంగాణ సరిహద్దు పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. కొందరిది మా జిల్లాలోని హిమాయత్‌నగర్ అవతల, కొందరిది కిన్వట్ పక్కన గోకుంద. ఎవరికీ సెంటు భూమి లేదు. లారీవాళ్ళతో హిందీ, సేట్లతో మరాఠీ, తమలో తాము తెలుగు మాట్లాడుకుంటారు. తిట్టుకోవాల్సి వస్తే మాత్రం ఏ భాషకూ అన్యాయం చేయరు.

ఆ టోళిలో అందరికన్నా పెద్దాయనను నేను పెద్దబాపు అని పిలిచేదాన్ని. రక్తసంబంధం లేదు. బాపు మీసాలు రాని వయసులో ఊరి నుంచి నాందేడ్ వచ్చినప్పుడు, మొదటి బస్తా వీపు మీదికి ఎక్కించింది ఆయనే. బస్తాను మెడ మీద కాకుండా రెండు భుజాల నడుమ ఎలా కూర్చోబెట్టాలో, చెక్క పలక మీదుగా లారీ ఎక్కేటప్పుడు ఊపిరి ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో నేర్పిందీ ఆయనే. తర్వాత మా క్లాసులో ఒక సారు బోర్డు నిండా బాణాలు గీసి అదే సంగతి చెప్పారు. ఆ సారుకు రెండు పీరియడ్లు పట్టింది.

నేను బారావీ, అంటే పన్నెండో తరగతి, చదివేనాటికే పెద్దబాపు నడుము ముందుకు వంగిపోయింది. ఇరవై అడుగులు వేస్తే ఎడమ కాలు తిమ్మిరెక్కేది. అయినా రోజూ అందరికన్నా ముందు వచ్చి బస్తాల వరుస దగ్గర నిలబడేవాడు. మోసేవాడి వీపు మీదికి బస్తా ఎక్కించేటప్పుడు ఒక మూల ఆయన పట్టేవాడు. మూతి విప్పుకున్న సంచులను దబ్బనంతో కుట్టేవాడు. మోయడం మాత్రం లేదు.

టోళికి ఒక పద్ధతి ఉంది. ఏ కాగితం మీదా ఉండదు. బస్తా మీద చెయ్యి పడ్డవాడికి వాటా ఉంటుంది. మోసిన చెయ్యా, లేపిన చెయ్యా, కుట్టిన చెయ్యా అని ఎవరూ అడగరు. పెద్దబాపు వంతు బస్తాలు మిగతావాళ్ళ వీపుల మీదుగా లారీలోకి వెళ్ళిపోయేవి. ఈ సంగతి పని ఇచ్చే సేటుకు తెలియదు. ఆయన లెక్కలో పన్నెండు మందీ మోసేవాళ్ళే. ఆయన కాంటా దగ్గరికి వచ్చినప్పుడల్లా పెద్దబాపు చేతిలో ఏదో ఒక బస్తా మూల ఉండేది, నుదుట చెమట ఉండేది. ఆ చెమట మాత్రం నిజమైనదే.

చిన్నప్పుడు టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళి ఇదంతా చూసినదాన్ని నేను. అది దాచాల్సిన సంగతి అని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని వాళ్ళు అనుకుని ఉండరు. ముకాదం బిడ్డకు ఆ మాత్రం తెలియదా!

పీజీ రెండో ఏడాదిలో మాకు ఒక కొత్త పేపరు పెట్టారు. ఎముకలు, కీళ్ళు, కండరాల గురించి నాలుగు శాస్త్రాలవాళ్ళు కలిసి చెప్పే పేపరు. ఎముకల డాక్టరు ఒకరు, ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఒక సారు, పనిచేసే చోట ఆరోగ్యం గురించి చెప్పే ఒకాయన, మా విభాగం మేడం. డాక్టరుకు నడుమంటే ఎక్స్‌రే. ఇంజినీరుకు నడుమంటే క్రేను. మూడో ఆయనకు నడుమంటే సెలవు చీటీ. మేడంకి వ్యాయామం. నలుగురూ మాట్లాడుతున్నది ఒకే నడుము గురించని అర్థం కావడానికి నాకు నెల పట్టింది. కానీ అర్థమయ్యాక ఆ పేపరంటే పిచ్చి ఇష్టం పుట్టింది. ఇంట్లో బాపు కూర్చున్నా, లేచినా నాకు కోణాలు కనపడేవి.

సగం మార్కులు ప్రాజెక్టుకు. నిజంగా బరువు పని చేసేవాళ్ళను ఎంచుకుని, వాళ్ళ నడుములు, కదలికలు, మోసే బరువులు కొలవాలి. సలహా రాయాలి. ఆరు వారాల తర్వాత మళ్ళీ కొలిచి, తేడా చూపించాలి. ఇద్దరిద్దరం ఒక జట్టు. నాకు జోడీగా వచ్చినది ఇంజినీరింగ్ కాలేజీ అమ్మాయి, లాతూర్ వైపు మరాఠీ పిల్ల. మనల్ని ఎవరు దగ్గరికి రానిస్తారని ఆమె దిగులు పడుతుంటే, మేడం ముందు నిలబడి నేను తల ఎత్తి చెప్పాను. మా నాన్న హమాలీ అని, టోళి ముకాదం అని. మేడం కళ్ళు మెరిశాయి. సరుకును దాచి దాచి, ధర పలికిన రోజున బయటికి తీసే వ్యాపారికీ నాకూ ఆ పూట ఏమీ తేడా లేదు.

టోళి ఎంత సంబరపడిందో చెప్పలేను. ఒక మధ్యాహ్నం లారీలు లేని వేళ చూసి, మోంఢా వెనక రేకుల షెడ్డులో మేమిద్దరం టేపులు, పట్టీలు, కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. అందరూ వరుసగా నిలబడ్డారు. చొక్కాలు విప్పమంటే సిగ్గుపడ్డారు. వాళ్ళలో ఒకడు, మా వీధివాడే, చొక్కా విప్పుతూ అందరికీ వినపడేలా అన్నాడు:

"నా ఈపు మీదెక్కి ఉప్పు బస్త ఆట ఆడిన పోరి, గిప్పుడు నా ఈపుకే టేపు పెడ్తుంది సూడుండ్రి."

నొప్పి ఎంతో చెప్పడానికి మాకు ఒక కొలత ఉంటుంది. సున్నా అంటే నొప్పి లేదు. పది అంటే ఓర్చుకోలేనంత. దాని పక్కన ఒట్టి మనిషి బొమ్మ ఉంటుంది. నొప్పి ఎక్కడో దాని మీద గుర్తు పెట్టాలి. ఆ బొమ్మను చూసి, "వీనికి ధోతి గూడ లేదేంది, పాపం" అని పగలబడి నవ్వారు. నొప్పి మాత్రం అందరూ సున్నా అనే చెప్పారు. నొప్పి ఉందన్నవాడికి పని దొరకదు, అది వాళ్ళ పాత తెలివి. ఒకడు ఒకటి అని, పక్కవాడి ముఖం చూసి, వద్దులే సున్నా రాయమన్నాడు. బాపు ఒకటో నంబరు. వంగినప్పుడు పళ్ళు బిగబట్టడం నేను చూశాను. ఎంత బాపూ అంటే, "సున్న" అన్నాడు.

కొలతలు తీసేముందు ఒప్పుకోలు కాగితం చదివి వినిపించాలి. మరాఠీలో ఉన్నదాన్ని నేనే తెలుగులో చెప్పాను. వరుసలో ఏడో మనిషి పెద్దబాపు. వేలికి సిరా పూసుకుని, కాగితం మీద ఆనించకుండా ఆగాడు.

"సేటుకు తెలుస్తదా బిడ్డా ఇదంత?"

"తెల్వది పెద్దబాపు. పేరే రాయను. నంబరు రాస్త."

"నంబరంటె ఎట్ల?"

"నువ్వు ఏడు. గంతే."

"గట్లయితె మంచిదే" అని నవ్వి వేలు నొక్కాడు. ఆయన నడుము కొలిచేటప్పుడు నాకు కలిగింది జాలి కాదు. పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూసిన నడుము నా ముందు ఊపిరి తీస్తోంది. అంత మంచి కేసు క్లాసులో ఎవరికీ దొరకదని సంతోషం.

తర్వాత మూడు రోజులు మోంఢాలో కూర్చుని లెక్క పెట్టాం. నా జోడీ కాంటా దగ్గర, నేను లారీ దగ్గర. ఎవరు ఎన్ని బస్తాలు మోశారు, ఎన్ని అడుగులు వేశారు, ఎంత వంగారు. నేను గీసిన పట్టీలో వీటన్నిటికీ గడులు ఉన్నాయి. బస్తా లేపి పట్టిన చేతికి గడి లేదు. మూడు రోజులూ పెద్దబాపు నా కళ్ళ ముందే వందసార్లు వంగి, బస్తా మూలలు పట్టి లేపాడు. ఏడో వరుస ఖాళీగా ఉండిపోయింది.

లెక్కలన్నీ స్తంభాల బొమ్మగా గీస్తే, పదకొండు స్తంభాలు లేచాయి, ఒకటి లేవలేదు. నా జోడీ దాన్ని చూసి ముఖం చిట్లించింది. "హా సాత్ నంబర్ కాఢూన్ టాకూయా నా" అంది. ఈ ఏడో నంబరును తీసేద్దాం, మోయని మనిషి, సగటు చెడిపోతోంది అని ఆమె బాధ. నేను ససేమిరా అన్నాను. ఏడు లేకపోతే మన ప్రాజెక్టే లేదని గట్టిగా వాదించాను. మిగతా పదకొండు మంది చివరికి ఏమవుతారో చూపించేది ఏడే కదా అన్నాను. ఆమెకు తెలుగు రాదు. టోళి పద్ధతి తెలియదు. ఆ ముసలాయన ఎవరో తెలియదు. ఆయనను కాపాడే మాట ఆమె నోటి నుంచి వచ్చింది. కొట్టేసింది నేను.

చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. దాన్ని నా నుదుట రాసి అప్పుడే వీధిలో తిప్పాల్సింది.

చదువు ఫలం జనానికి అందాలని మా మేడం నమ్మకం. మంచి నమ్మకమే. అందుకని ప్రాజెక్టుల మొదటి కొలతలు, సలహాలు వినిపించే రోజున బయటివాళ్ళనూ పిలిచారు. మా ప్రాజెక్టు కోసం మోంఢా నుంచి నలుగురైదుగురు వచ్చారు. వాళ్ళలో మా టోళి పనిచేసే సేటు ఉన్నాడు. బాపును కూడా రమ్మన్నాను. లారీ ఉందని రాలేదు. వచ్చి ఉంటే ఏం జరిగేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. బహుశా లేచి నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయేవాడు.

ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో కర్ర పట్టుకుని నేను తెర ముందు నిలబడ్డాను. మరాఠీలో దంచేశాను. స్తంభాల బొమ్మ రాగానే సేటు ముందుకు వంగాడు.

"హా సాత్ నంబర్ కోణ్ ఆహే?"

ఈ ఏడో నంబరు ఎవరు అని. నేను నవ్వి, పేరు చెప్పడానికి మా శాస్త్రం ఒప్పుకోదండీ అన్నాను. ఆ జవాబుకు మేడం తల ఊపడం చూసి పొంగిపోయాను. ఆ పొంగులోనే మిగతాదంతా చెప్పాను. అరవై దాటిన మనిషి అని. నడుము ఇంత వంగిందని. ఎడమ కాలు తిమ్మిరెక్కుతుందని. బస్తాలు మోయడు, ఎక్కించడంలో సాయం మాత్రం పడతాడని. సలహాల దగ్గరికి వచ్చి రెండు సలహాలు చదివాను. ఒకటి, ఏడో నంబరును బరువు పని నుంచి వెంటనే తప్పించాలి. రెండు, మిగతావాళ్ళ మధ్య బరువు సమానంగా పంచబడటం లేదు, ఎవరి వంతు వాళ్ళే మోసేలా సరిచేయాలి.

చప్పట్లు కొట్టారు. సేటు కూడా కొట్టాడు.

మర్నాడు సాయంత్రం బాపు ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను మంచినీళ్ళు ఇచ్చాను. చెంబు పక్కన పెట్టాడు.

"ఏడో నంబరును తీసేసిండు సేటు" అన్నాడు.

బాపు పెద్దబాపును అన్న అనకుండా మాట్లాడటం నేను పుట్టాక వినలేదు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"సేటుకు ఎవలు చెప్పిండ్రు బాపూ?" అని అడిగాను. నిజంగానే అడిగాను. అంత మొద్దునైపోయాను.

"నువ్వే చెప్పినవట. నడుము గింత వంగిందన్నవట. ఎడమ కాలు తిమ్మిరన్నవట. మొయ్యడు, లేపుడే అన్నవట. గది ఇంటె మోంఢల కుక్కకు గూడ తెలుస్తది ఎవలో."

"పేరు చెప్పలే బాపు."

"అవ్. పేరొక్కటి చెప్పలే."

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి ముందు వచ్చేది కోపమే. ఆయన మంచికే కదా చెప్పాను అన్నాను. బరువు మోస్తే ఆ నరం పూర్తిగా నొక్కుకుపోతుందని, కాలు పడిపోతుందని, తెచ్చిపెట్టుకున్న గొంతుతో క్లాసు పాఠం అప్పజెప్పాను. బాపు అంతా విన్నాడు.

"ఆయన మోస్తలేడు గద బిడ్డా. మోస్తలేడనే గద నువ్వు రాసింది. మోయనోన్ని దేన్నుంచి తప్పించినవ్?"

బాపు తిట్టి ఉంటే బాగుండేది. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, పడుకున్నాడు.

మర్నాడు కాలేజీకి పోతూ మోంఢా మీదుగా వెళ్ళాను. టోళి టీ తాగుతోంది. నన్ను చూసి మాట ఆపేశారు. ఒకడు మాత్రం గ్లాసులోకి చూస్తూ, "ఇంటి గుట్టు లంకకు చేటని గిందుకే అన్నరు" అన్నాడు. నన్ను కాదన్నట్టు అన్నాడు.

ఆ మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని నా లెక్కలు మళ్ళీ ముందేసుకున్నాను. నేను తప్పు లెక్క పెట్టి ఉంటే బాగుండునని ఆశ. తప్పు లేదు. కాకపోతే మొదటిసారి చూడనిది ఒకటి కనిపించింది. పదకొండు మందీ తమ వంతు కన్నా కొంచెం కొంచెం ఎక్కువ మోశారు. ఒక రోజు ఒకడు ఎక్కువ, మర్నాడు ఇంకొకడు. అందరికన్నా ఎక్కువ ఒకటో నంబరు, మా బాపు. ఆ ఎక్కువలన్నీ ఏరి కూడితే సరిగ్గా ఒక మనిషి మోసేటన్ని బస్తాలు తేలాయి. మూడు రోజులూ అంతే. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, లెక్క రాసుకోకుండా, వాళ్ళు ఒక ముసలి నడుమును పదకొండు నడుముల మీద మోస్తున్నారు. దాన్నే నేను తెర మీద ఎర్ర అక్షరాలతో అసమానత అని రాశాను. సరిచేయాలి అని రాశాను. ఆ కుర్చీలో కూర్చుని నన్ను నేను చూసి సిగ్గుపడ్డాను. ముఖం రెండు చేతుల్లో దాచుకున్నా అది తగ్గలేదు.

మేడం దగ్గరికి వెళ్ళి జరిగినది చెప్పాను. ఆమె చెడ్డ మనిషి కాదు. బాధపడ్డారు. కానీ నువ్వు చెప్పినదాంట్లో ఒక్క తప్పు మాట ఉందా అని అడిగారు. లేదన్నాను. మరి దేన్ని వెనక్కి తీసుకుంటావన్నారు.

సేటు దగ్గరికీ వెళ్ళాను. గద్దె మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆ పెద్దాయనను మళ్ళీ రానివ్వమని, ఆయన మోయడు కాబట్టి ప్రమాదం లేదని బతిమాలాను. సేటు ఓపికగా విన్నాడు. "బేటా, తూచ్ సాంగిత్లస్ నా" అన్నాడు. నువ్వే కదా చెప్పావు అని. ఆ రోజు పంచిన, కాలేజీ ముద్ర ఉన్న సలహాల కాగితం తన దగ్గర ఉందని, రేపు ఆ ముసలాయన కాంటా దగ్గర కూలబడితే అందరూ తననే అడుగుతారని అన్నాడు. ఆ మాటా తప్పు కాదు. ఈ మొత్తం వ్యవహారంలో తప్పు మాట మాట్లాడినవాడు ఒక్కడూ దొరకలేదు నాకు.

టోళి ఊరుకోలేదు. పెద్దబాపు వాటా పక్కన తీసి, రెండుసార్లు ఆయన ఉండే గదికి పంపారు. ఆయన రెండుసార్లూ తిప్పి పంపాడు. చెయ్యి పడని బస్తాకు వాటా ఏంటని అడిగాడట. రోజూ పొద్దున్నే వచ్చి మోంఢా ఎదురుగా టీ హోటల్ బెంచీ మీద కూర్చుని, లారీలు వచ్చి పోవడం చూస్తుండేవాడు. రెండు వారాలు అలా కూర్చున్నాడు. ఆ వైపు వెళ్ళాల్సి వస్తే నేను చుట్టు తిరిగి పోయేదాన్ని.

ఒక రోజు బాపు నాతో, "అన్న ఊరికి పోతుండు. నువ్వే పోయి బస్సెక్కించి రా" అన్నాడు. ఊళ్ళో ఆయన కూతురు ఉంది, పత్తి ఏరే పనికి పోతుంది.

గదికి వెళ్ళేసరికి పెద్దబాపు తయారుగా కూర్చున్నాడు. ఒక సంచి, ఒక బొంత మూట, వెదురు గొట్టంలో దబ్బనం. సంచి నేను తీసుకోబోతే ఒప్పుకోలేదు.

"వద్దు బిడ్డా, నీకు నడుము నొస్తది."

ఎగతాళి కాదు. ఆయనకు ఎగతాళి రాదు. నేను బలవంతంగా లాక్కుని భుజానికి ఎత్తుకోబోయాను. ఆయన వెంటనే వంగి, కింద ఒక మూల పట్టి, నా భుజం మీదికి ఎక్కించాడు. ఆ పట్టడం ఎంత తేలికగా ఉందంటే బరువు నా మీదికి వచ్చినట్టే తెలియలేదు. మా క్లాసులో నలుగురు పంతుళ్ళూ, నా పట్టీలో గడులన్నీ కలిసి కొలవలేకపోయినది ఏంటో ఆ క్షణంలో నా భుజానికి తెలిసింది. నడుస్తూ ఏడ్చాను. ఆయన నా వెనక మెల్లగా వస్తున్నాడు కాబట్టి చూడలేదు అనుకున్నాను.

హిమాయత్‌నగర్ బస్సు కిటికీ పక్కన కూర్చోబెట్టి, సంచి ఒళ్ళో పెట్టాను. పెద్దబాపూ, తప్పైంది అన్నాను.

"నువ్వు రాసింది అబద్ధం గాదు గద. ఎందుకు ఏడుస్తవ్?" అని, ఒళ్ళో సంచి సర్దుకుని, "మార్కులు మంచిగచ్చినయా?" అని అడిగాడు.

"చెప్పినదానికైతె అచ్చినయ్ పెద్దబాపు."

"గదే గావాలె" అన్నాడు. ముఖం నిజంగా వెలిగింది. ఆ ముఖం గుర్తొస్తే ఇప్పటికీ చేస్తున్న పని ఆపి లేచి నిలబడతాను.

ఆరు వారాలు నిండాయి. మళ్ళీ కొలవాలి. వద్దనుకున్నాను, కానీ అది లేకపోతే పేపరు పోతుంది, పేపరు పోతే ఏడాది పోతుంది. ఇంత జరిగాక కూడా నాకు నా ఏడాది ముఖ్యమే. అదీ రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

అదే రేకుల షెడ్డు. వేలిముద్ర వేసి మాట ఇచ్చారు కాబట్టి వచ్చారు. ఉప్పు బస్తా ఆట గురించి చెప్పి నవ్వించినవాడు నా ముందు నిలబడి, "అంగీ ఇడువాల్నా మేడం?" అని అడిగాడు. నన్ను ఎత్తుకుని తిప్పినవాడు మేడం అన్నాడు. తల ఊపాను. బొమ్మ మనిషికి ధోతీ లేదని ఈసారి ఎవరూ అనలేదు. నొప్పి ఒకరి తర్వాత ఒకరు సున్నా అనే చెప్పుకుంటూ వచ్చారు.

పెద్దబాపు చోట్లో ఒక కొత్త మనిషి వచ్చాడు. వయసువాడు, తన వంతు తాను మోస్తాడు. దాంతో మిగతావాళ్ళ మీద అదనపు బస్తాలు తగ్గాయి. టేపు ఆ సంగతి దాచలేదు. పదకొండు మందిలో తొమ్మిది మంది మునుపటికన్నా బాగా వంగారు. నా జోడీ అంకెలు చూసి సంతోషంతో నా చెయ్యి నొక్కింది. మా సలహా పనిచేసింది. శాస్త్రం ప్రకారం మేము గెలిచాం.

బాపు చివర వచ్చాడు. వంగమన్నాను. వేళ్ళు పోయినసారి మోకాళ్ళ దగ్గరే ఆగాయి, ఈసారి పిక్కల దాకా వెళ్ళాయి. పళ్ళు బిగబట్టలేదు. అంకె రాసుకుని, తల ఎత్తకుండా అడిగాను.

"నొప్పి ఎంత రాయాలె బాపూ?"

"పది రాయి."

పొరపాటున అన్నాడేమోనని తల ఎత్తాను. పది అంటే ఓర్చుకోలేనంత అని గుర్తు చేశాను.

"ఎరికే. నువ్వే చెప్పినవ్ గద."

పది రాశాను. మనిషి బొమ్మ ఉన్న కాగితం ఆయన ముందుకు జరిపి, పెన్ను ఇచ్చి, ఎక్కడ బాపూ అని అడిగాను. ఆయన బొమ్మ వైపు చూశాడు. నా వైపు చూశాడు. పెన్ను కింద పెట్టి, చొక్కా తొడుక్కుని, గోనెసంచి తల మీద వేసుకుని లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ కాగితాన్ని అలాగే ఫైలులో పెట్టి ఇచ్చేశాను. నెల తర్వాత ఫైలు తిరిగి వచ్చింది. మా జట్టుకు క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు. ఒకటో నంబరు కాగితం మీద మాత్రం మేడం ఆ బొమ్మ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, నొప్పి ఉన్న చోటు గుర్తించలేదు అని రాసి, అర మార్కు తీసేశారు.